గట్టు మీద జాయింటు, బల్ల మీద ఫెమ్టోసెకను

ఏటా వేసవిలో గోదావరి డెల్టా కాలువలు కట్టేశాక పూడికతీత మొదలవుతుంది. పొక్లెయిన్ బకెట్ గట్టును ఒక్కసారి లోతుగా గీరితే చాలు, అక్కడ పాతిన ఫైబర్ కేబుల్ తెగిపోతుంది. పావుగంటలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి నెట్ రావట్లేదని ఫోన్లు మొదలవుతాయి. ఆ తర్వాత బండి మీద ఇద్దరు కుర్రాళ్లు వస్తారు. ఒకరి భుజాన ఓటీడీఆర్, మరొకరి చేతిలో స్ప్లైసింగ్ మెషిన్ పెట్టె.

ఓటీడీఆర్ చేసే పని చెప్పుకోవడానికి తేలికే. ఫైబర్‌లోకి చిన్న కాంతి పల్స్ పంపి, తిరిగొచ్చిన మెరుపును బట్టి ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చెబుతుంది. పల్స్ నిడివి 10 నానోసెకన్లయితే తెగిన చోటు ఒక మీటరు తేడాలో దొరుకుతుంది. తవ్వుకోవడానికి అది చాలు. ఇక జాయింటు వెయ్యడం ఓపికతో కూడిన పని. కేబుల్ జెల్లీ తుడవాలి, కోర్ మీది పూత ఒలవాలి, స్పిరిట్‌లో ముంచిన టిష్యూతో రుద్దాలి, క్లీవర్‌లో పెట్టి చివరను నిటారుగా తెంపాలి. రెండు కొసల్నీ మెషిన్ గాడిలో పెట్టి మూత వేస్తే తెర మీద రెండు గాజు స్తంభాలు ఎదురెదురుగా నిలబడతాయి. చిన్న విద్యుత్ మెరుపు, రెండూ ఒకటవుతాయి. జాయింటు దగ్గర కాంతి నష్టం 0.02 డీబీ (డెసిబెల్) అని అంకె పడితే కుర్రాడు స్లీవ్ జరిపి హీటర్‌లో పెడతాడు. 0.3 అని పడితే మళ్లీ తెంపి మొదటికి రావాల్సిందే. మే నెల ఎండలో, గట్టు దుమ్ములో, గొడుగు కింద కూర్చుని ఒక్కో కోర్‌కూ ఇదే తంతు.

ఆ స్ప్లైసింగ్ మెషినే, దాదాపు అదే క్లీవరు, అల్ట్రాఫాస్ట్ ఫైబర్ ఆప్టిక్స్ ల్యాబుల్లోనూ బల్ల మీద ఉంటాయి. అక్కడ పీహెచ్‌డీ విద్యార్థి మొదట నేర్చుకునేది సమీకరణాలు కాదు, ఈ జాయింటు వెయ్యడమే. తేడా అంతా లోపల పరుగెత్తే పల్స్‌ది. గట్టు మీది ఓటీడీఆర్ పల్స్‌ను లక్ష ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క ల్యాబ్ పల్స్. అంటే 100 ఫెమ్టోసెకన్లు. సెకనును వెయ్యి లక్షల కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఫెమ్టోసెకను. బియ్యపు గింజ ఆరు మిల్లీమీటర్ల పొడవుంటే, ఆ కొస నుంచి ఈ కొసకు రావడానికి కాంతికి 20 పికోసెకన్లు పడుతుంది. 100 ఫెమ్టోసెకన్లు అందులో 200వ వంతు.

ఇంత పొట్టి కాంతి తునకలతో ఒక ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ నలభై ఏళ్లు ఏం చేస్తారు? పేపర్లెన్ని, అవార్డులెన్ని అని లెక్కపెట్టడం మన అలవాటు. ఆ లెక్కలో ఈ రంగం అసలు కథ కనబడదు. ఇక్కడ కెరీర్లన్నీ ఒకే తగాదా చుట్టూ తిరిగాయి. పొట్టి పల్స్‌ను గాజులోకి వదిలితే అది సాగిపోతుంది. కాకినాడలోనో భీమవరంలోనో ఈసీఈ చదివే విద్యార్థికి ఆప్టికల్ కమ్యూనికేషన్స్ పేపర్లో ఇది డిస్పర్షన్ అనే లోపంగా పరిచయమవుతుంది. దానికొక ఫార్ములా ఉంటుంది, ఒక లెక్క ఉంటుంది, మార్కులు వస్తాయి, అక్కడితో సరి. ఈ రంగంలో పేరు తెచ్చుకున్న వాళ్లలో చాలామంది ఆ లోపాన్నే పనిముట్టుగా వాడుకున్నారు.

సాగిపోవడం అంటే ఎంత?

పల్స్ ఎంత పొట్టిదైతే అందులో అన్ని ఎక్కువ రంగులుండాలి. ఇది ప్రకృతి పెట్టిన షరతు, బేరం కుదరదు. 1550 నానోమీటర్ల దగ్గర 100 ఫెమ్టోసెకన్ల పల్స్‌కు సుమారు 25 నానోమీటర్ల వెడల్పు రంగుల పట్టీ కావాలి. గాజులో ఒక్కో రంగుది ఒక్కో వేగం. మామూలు టెలికాం ఫైబర్‌లో ఆ తేడా కిలోమీటరుకు, ఒక్క నానోమీటరు వెడల్పుకు, 17 పికోసెకన్లు. గుణించి చూస్తే ఒక మీటరు దాటేసరికే పల్స్ నాలుగింతలవుతుంది. కిలోమీటరు దాటితే నాలుగు వేల రెట్లు. రాజమండ్రి నుంచి కాకినాడ సుమారు 60 కిలోమీటర్లు. కిలోమీటరుకు 0.2 డీబీ నష్టం లెక్కన అంత దూరం పోయినా కాంతిలో పదహారో వంతు మిగులుతుంది, కొలవడానికి అది ధారాళం. పల్స్ ఆకారం మాత్రం ఊరు దాటక ముందే పోతుంది.

1966లో చార్లెస్ కావో, జార్జ్ హోకమ్ గాజును శుద్ధి చేస్తే కిలోమీటరుకు 20 డీబీ కన్నా తక్కువ నష్టంతో కాంతిని పంపొచ్చని వాదించారు. 1970లో కార్నింగ్ సంస్థలో మౌరర్, కెక్, షుల్ట్జ్ ఆ గీతను దాటి చూపించారు. నష్టం సమస్య అలా దారికి రాగానే సాగిపోవడం అనే సమస్య ముందుకొచ్చింది. జవాబు మాత్రం గాజులో కన్నా ముందు ఓ కాలువలో దొరికింది. డెల్టా పాఠకులకు ఆ సంగతి కొంచెం విడమరిచి చెప్పుకోదగ్గదే.

1834లో స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో దగ్గరి యూనియన్ కాలువ గట్టు మీద జాన్ స్కాట్ రసెల్ అనే ఇంజినీరు పడవల నడకను పరీక్షిస్తున్నాడు. గుర్రాలు తాడుతో లాగుతున్న పడవ ఉన్నట్టుండి ఆగింది. పడవ ఆగినా దాని ముందు పోగైన నీళ్లు ఆగలేదు. నున్నటి గుండ్రటి దిబ్బలా ఒకే ఒక్క అల బయల్దేరింది. ముప్ఫై అడుగుల పొడవు, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు, గంటకు ఎనిమిది తొమ్మిది మైళ్ల వేగం. రసెల్ గుర్రమెక్కి వెంటపడ్డాడు. ఒకటి రెండు మైళ్ల దాకా ఆకారం చెదరకుండా పోయిన ఆ అల కాలువ వంపుల్లో చివరికి కనుమరుగైంది.

మన కాలువల వయసు కూడా అటూ ఇటూగా ఆ కాలానిదే. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువలు సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా అని కాటన్ పట్టుబట్టాడు. గాలి లేని రోజున మనుషులు తాడు భుజానికి వేసుకుని గట్టు వెంట పడవల్ని లాగేవాళ్లు. తాడు ఒదులుగానే పడవ ముందు నీళ్లు పొంగి ముందుకు సాగడం వాళ్లూ చూసే ఉంటారు. రసెల్ దగ్గరున్నది అదనంగా ఒక గుర్రం, ఒక నోటు పుస్తకం.

1895లో కోర్తవెగ్, డ్ వ్రీస్ ఆ అలకు సమీకరణం రాశారు. 1965లో జబుస్కీ, క్రుస్కల్ కంప్యూటర్ లెక్కల్లో ఇలాంటి అలలు ఒకదాన్నొకటి ఢీకొని కూడా ఆకారం చెదరకుండా బయటపడటం గమనించి సాలిటాన్ అని పేరుపెట్టారు. 1973లో అమెరికా టెలిఫోన్ సంస్థ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో హసెగావా, టాపర్ట్ గాజు ఫైబర్‌లోనూ ఇలాంటిది ఉండాలని లెక్కకట్టారు. 1980లో అదే సంస్థలో మోలెనవర్, స్టోలెన్, గోర్డన్ దాన్ని ప్రయోగంలో చూశారు. కాలువ అల సమీకరణం, ఫైబర్ సమీకరణం ఒకటి కాదని ఇక్కడ చెప్పి తీరాలి. రెండింటినీ కలిపేసి రాయడం పాపులర్ సైన్సు వ్యాసాల్లో తరచూ జరిగే పొరపాటు. కాలువలో అల అంటే నీటి ఎత్తే. ఫైబర్‌లో సాలిటాన్ ఆకారం కాంతి తరంగానిది కాదు, ఆ తరంగాల గుంపు మీది ముసుగుది. అన్నదమ్ముల పోలికే తప్ప ఇద్దరూ ఒకరు కారు.

ఫైబర్‌లో జరిగేది ఇదీ. కాంతి తీవ్రత పెరిగితే గాజు వక్రీభవన గుణకం ఆవగింజంత పెరుగుతుంది, దీన్ని కెర్ ప్రభావం అంటారు. పల్స్ నడుమ తీవ్రత ఎక్కువ, అంచుల్లో తక్కువ. దాంతో పల్స్ ముందు భాగం రంగు ఎరుపు వైపు, వెనక భాగం రంగు నీలం వైపు జరుగుతాయి. 1550 దగ్గర మామూలు ఫైబర్‌లో నీలం వైపు రంగులే వేగంగా నడుస్తాయి. స్కూలు వదిలాక కాలువ గట్టున పోయే సైకిళ్ల గుంపును ఊహించుకుంటే, నెమ్మదిగా తొక్కేవాళ్లను ముందు, జోరుగా తొక్కేవాళ్లను వెనక పెట్టినట్టు. వెనకవాళ్లు అందుకుంటారు, ముందువాళ్లు జారిపోరు, గుంపు విడిపోదు. డిస్పర్షన్ లేకపోతే ఈ సర్దుబాటే లేదు. 1310 నానోమీటర్ల దగ్గర డిస్పర్షన్ దాదాపు సున్నా అవుతుంది. పరీక్ష పేపర్లో అదే మంచి చోటు. సాలిటాన్ కావలసినవాడికి మాత్రం అక్కడ పని జరగదు.

లాకు అంటే వేరే లాకు

అంత పొట్టి పల్స్ అసలు ఎక్కణ్నుంచి వస్తుంది? మోడ్-లాకింగ్ అనే పద్ధతి నుంచి. డెల్టాలో లాకు అనగానే ధవళేశ్వరం, విజ్జేశ్వరం, బొబ్బర్లంక గుర్తొస్తాయి. ఎగువ నీటికీ దిగువ నీటికీ మధ్య పడవను దించే తలుపుల గది. మోడ్-లాకింగ్‌లో లాకుకు దానితో చుట్టరికం లేదు. లేజర్‌లో ఒకేసారి వేల పౌనఃపున్యాలు మోగుతుంటాయి, ఎవరి తాళం వాళ్లది. వాటన్నిటినీ ఒకే తాళానికి కట్టెయ్యడమే ఇక్కడి లాకు. హైలెస్సా అనగానే తెడ్లన్నీ ఒక్కసారి నీళ్లలో పడ్డట్టు, అన్ని తరంగాల శిఖరాలూ ఒక్క క్షణంలో కలుస్తాయి. ఆ క్షణమే పల్స్. మిగతా సమయమంతా దాదాపు చీకటి.

ఈ విద్యకు గణితం కూర్చిన వాళ్లలో ముఖ్యుడు హెర్మన్ హౌస్. ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. మోడ్-లాకింగ్‌కు మాస్టర్ సమీకరణం అని ఈ రంగంలో పిలుచుకునేది ఆయనదే. చేత్తో చేసి చూపిన వాళ్లలో ముఖ్యుడు ఎరిక్ ఇప్పెన్. బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ షాంక్‌తో కలిసి 1974లో రంగు ద్రావణంతో నడిచే డై లేజర్ నుంచి పికోసెకనుకన్నా పొట్టి పల్సులు తీసి, 1980లో ఎంఐటీ ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ విభాగానికి వచ్చాడు. గణితం చేసేవాడూ ప్రయోగం చేసేవాడూ ఒకే విభాగంలో పక్కపక్కన ఉండటం ఈ కథలో చిన్న విషయం కాదు. 1993లో వీళ్ల బృందం నుంచి 77 ఫెమ్టోసెకన్ల ఫైబర్ లేజర్ వచ్చింది. అందులో కిటుకు ఏమిటంటే, డిస్పర్షన్ ఒక గుర్తు ఉన్న (నీలం ముందు నడిచే) ఫైబర్ కొంత, దానికి వ్యతిరేక గుర్తు ఉన్న (ఎరుపు ముందు నడిచే) ఫైబర్ కొంత కలిపి ఉంగరంగా అతికించడం. పల్స్ ప్రతి చుట్టులోనూ సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. సాగినప్పుడు శిఖరం తగ్గుతుంది కనుక చీలిపోకుండా ఎక్కువ శక్తిని మోయగలుగుతుంది.

ఇలాంటి ఉంగరం ఒకటి బల్ల మీద ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే గట్టు మీది జాయింటుతో బంధుత్వం తెలుస్తుంది. పసుపు రంగు ఫైబర్ చుట్టలు, మధ్యలో మీటరో రెండు మీటర్లో కాంతిని పెంచే ఎర్బియం కలిపిన గాజు, 980 నానోమీటర్ల పంప్ డయోడు, కాంతిని ఒకవైపే పోనిచ్చే ఐసొలేటరు, మూడు తెడ్లున్న పోలరైజేషన్ కంట్రోలరు. ఇవన్నీ కలపడానికి అయిదారు స్ప్లైసులు. ఉంగరం చుట్టుకొలత నాలుగు మీటర్లయితే పల్స్ సెకనుకు 5 కోట్ల సార్లు తిరుగుతుంది. విద్యార్థి ఆ తెడ్లను అటూ ఇటూ తిప్పుతూ ఆసిలోస్కోప్ చూస్తూ కూర్చుంటాడు. గంటలు గడుస్తాయి, తెర మీద గడ్డిలాంటి రొద తప్ప ఏమీ ఉండదు. తెడ్డు వెంట్రుకవాసి కదలగానే గడ్డి మాయమై, 20 నానోసెకన్లకు ఒకటి చొప్పున గీతలు నిలబడతాయి. అప్పుడు చెయ్యి తియ్యాలంటే భయం.

సగటు శక్తి చూస్తే బయటికొచ్చేది 100 మిల్లీవాట్లే, బెడ్‌లైటుకు కూడా చాలదు. కానీ అదంతా 5 కోట్ల పల్సుల్లోనే ఇరుక్కుని ఉంది. ఒక్కో పల్స్‌లో 2 నానోజౌళ్లు, అదీ 100 ఫెమ్టోసెకన్లలో. అంటే ఆ క్షణంలో 20 కిలోవాట్లు. రొయ్యల చెరువు గట్టున 5 హెచ్‌పీ మోటార్లు ఐదు ఒకేసారి తిరిగినంత. ఇదంతా తొమ్మిది మైక్రాన్ల లోపు కోర్‌లోంచి పోవాలి. అలా పోయేటప్పుడు గాజు వక్రీభవన గుణకం మారేది పది లక్షల్లో ఆరేడు వంతులు. అంత చిన్న మార్పే ఒక మీటరు ముగిసేసరికి కాంతిని నాలుగు తరంగాల మేర వెనక్కి నెడుతుంది. ఫైబర్ పొడుగ్గా ఉండటమే దాని బలం. ఎంత బలహీనమైన ప్రభావాన్నైనా మీటర్ల మీద మీటర్లు పోగుచేసి చూపిస్తుంది.

కాంతి పదార్థాన్ని తాకి చెదిరినప్పుడు కొంచెం రంగు మారే రామన్ ప్రభావం సంగతీ అంతే. 1928లో కనిపెట్టినప్పుడు కంటికి ఆనీ ఆనని వెలుగు. ఫైబర్‌లో అదే సాలిటాన్ రంగును దారి పొడుగునా ఎరుపు వైపు లాగేస్తుందని 1986లో తేలింది. రామన్ దగ్గర పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించిన సూరి భగవంతం పొరుగున అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లి మనిషి. ఈ విద్యకు తెలుగు నేలతో ఉన్న పాత బంధుత్వాల్లో అదొకటి.

ఒకే గురువు, ఒకే ఏడు, రెండు దార్లు

1984లో ఇప్పెన్ దగ్గర ఇద్దరు విద్యార్థులు డాక్టరేటు పూర్తిచేశారు. ఒకరు ఆండ్రూ వైనర్, ఇంకొకరు జేమ్స్ ఫుజిమోటో. ఇద్దరూ ఎంఐటీలోనే 1979లో డిగ్రీ చేసినవాళ్లు, ఇద్దరిదీ ఎలక్ట్రికల్ ఇంజినీరింగే. ఈ రంగంలో అధ్యాపక జీవితం ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా చక్కటి జంట దొరకదు.

వైనర్ మొదట కాలేజీ వైపు పోలేదు. అమెరికాలో టెలిఫోన్ గుత్తాధిపత్యాన్ని ముక్కలు చేసినప్పుడు 1984లో ఏర్పడిన బెల్‌కోర్ పరిశోధన సంస్థలో చేరాడు. ఎనిమిదేళ్లు అక్కడే. 1992లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే పని పల్స్ షేపింగ్. అది అర్థం కావాలంటే పంటకాలువను తలుచుకోవచ్చు. కాలువలోంచి వచ్చిన నీటిని బోదెలుగా విడదీసి, ఒక్కో బోదెకూ తూము పెట్టి, ఒకటి సగం మూసి, ఒకటి పూర్తిగా తెరిచి, కిందికెళ్లాక అన్నిటినీ మళ్లీ ఒకే కాలువలో కలిపినట్టు. కాంతి పల్స్‌ను గ్రేటింగ్ అనే సన్నటి గీతల పలక రంగులుగా విడదీస్తుంది, లెన్సు ఒక్కో రంగును ఒక్కో చోట వాలుస్తుంది. అక్కడ ఒక తెర పెట్టి ఏ రంగు ఎంత పోవాలో, ఎంత ఆలస్యంగా పోవాలో నిర్ణయిస్తారు. రెండో లెన్సు, రెండో గ్రేటింగ్ అన్నిటినీ తిరిగి కలుపుతాయి. బయటికొచ్చే పల్స్ కోరిన ఆకారంలో ఉంటుంది. మొదట గాజు మీద చెక్కిన స్థిరమైన తెరలు వాడారు, తర్వాత లిక్విడ్ క్రిస్టల్ గడులతో కంప్యూటర్ నడిపే తెరలు వచ్చాయి.

ఫెమ్టోసెకన్ల వేగంతో తెరుచుకుని మూసుకునే తలుపు ఏ ఎలక్ట్రానిక్స్‌తోనూ సాధ్యం కాదు. ఆ సమస్యను వైనర్ బృందం పక్కదారిలో దాటింది. కాలంలో చెయ్యలేని పనిని రంగుల్లో పరిచి, తీరిగ్గా చేసింది. సిగ్నల్‌ను పౌనఃపున్యాలుగా విడగొట్టి, ఒక్కోదాన్నీ సరిచేసి, మళ్లీ కలపడం ఎలక్ట్రికల్ ఇంజినీరుకు రెండో ఏడాది సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పాఠమే. ఈ రంగం భౌతికశాస్త్ర విభాగాల్లో ఎంతుందో ఎలక్ట్రికల్ విభాగాల్లోనూ అంత బలంగా ఎందుకుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఫోరియర్ రూపాంతరం వాళ్లకు ఇంటి భాష.

1988లో అదే పరికరంతో వైనర్, సహచరులు ఇంకో పని చేశారు. నీలం రంగులు వెనకబడే చోట, అంటే డిస్పర్షన్ గుర్తు తిరగబడిన చోట, మామూలు సాలిటాన్ ఉండదు. అక్కడ ఉండగలిగేది వెలుగు మధ్యలో చీకటి గుంట. పరుచుకున్న కాంతిలో ఒక పలచటి చీకటి చీలిక చెదరకుండా నడుస్తుంది. నల్ల సాలిటాన్ అంటారు. లెక్కల్లో 1973 నుంచీ ఉన్నదే. దాని మౌలిక రూపాన్ని ఫైబర్‌లోకి పంపాలంటే సరిగ్గా ఆ ఆకారంలో చీకటిని చెక్కగలగాలి, పల్స్ షేపర్ చేసిపెట్టింది అదే. పనిముట్టు ముందు పుట్టి, అది అడగగలిగిన ప్రశ్న తర్వాత పుట్టడం ఈ రంగంలో మామూలే.

పర్డ్యూకి వెళ్లాక వైనర్ ముప్ఫై ఏళ్లకు పైగా అదే చోట ఉన్నాడు. 2009లో అల్ట్రాఫాస్ట్ ఆప్టిక్స్ మీద పాఠ్యపుస్తకం రాశాడు, ఒక ప్రముఖ ఆప్టిక్స్ పత్రికకు సంపాదకుడిగా పనిచేశాడు, 2024లో చనిపోయాడు. బయటినుంచి చూసేవాళ్లకు ఇందులో సంచలనం కనిపించదు. నిజానికి ప్రొఫెసర్ ఉద్యోగంలో సింహభాగం ఇలాంటిదే. గ్రాంటుకు ప్రతిపాదన రాయడం, వచ్చిన డబ్బులో లేజర్ కొంటే విద్యార్థికి స్టైపెండ్ మిగులుతుందా అని లెక్క చూసుకోవడం, కొత్తవాడికి గ్రేటింగ్ మీద వేలు పెట్టొద్దని వందోసారి చెప్పడం, పాతవాడి థీసిస్ దిద్దడం. పల్స్ ఫెమ్టోసెకన్లలో అయిపోతుంది, దాన్ని కొలిచే విద్యార్థి అయిదారేళ్లుంటాడు.

ఫుజిమోటో దారి వేరు. ఆయన ఎంఐటీలోనే అధ్యాపకుడిగా ఉండిపోయాడు. 1986లో ఇప్పెన్, కొందరు వైద్యులతో కలిసి ఫెమ్టోసెకన్ పల్సుల్ని ఓటీడీఆర్ లాగానే కన్ను మీద ప్రయోగించాడు. పల్స్ పంపి, కార్నియా పై పొర నుంచి, కింది పొర నుంచి తిరిగొచ్చే మెరుపుల మధ్య ఆలస్యాన్ని కొలవడం. ఆలోచన గట్టు మీది కుర్రాడిదే, కొలిచేది మాత్రం మీటర్లు కాదు మైక్రాన్లు. అయితే అంత పెద్ద డై లేజర్‌ను కంటి ఆసుపత్రికి మోసుకెళ్లలేరు. పొట్టి పల్స్‌కు కావలసిన వెడల్పాటి రంగుల పట్టీ ఉంటే చాలు, పల్సే అక్కర్లేదు అన్న తెలివిడి అక్కడ అక్కరకొచ్చింది. చవకైన డయోడు, టెలికాం కోసం తయారైన ఫైబర్ భాగాలు, ఒక ఇంటర్‌ఫెరోమీటరు. 1991లో డేవిడ్ హువాంగ్, ఎరిక్ స్వాన్సన్, ఫుజిమోటో తదితరులు ప్రచురించిన ఆ పద్ధతే ఓసీటీ, అంటే ఆప్టికల్ కోహరెన్స్ టోమోగ్రఫీ. స్వాన్సన్ అప్పటికి ఉపగ్రహాల మధ్య లేజర్ కమ్యూనికేషన్ మీద పనిచేసే ఇంజినీరు, హువాంగ్ వైద్యమూ ఇంజినీరింగూ కలిపి చదువుతున్న విద్యార్థి. ముగ్గురికీ 2023లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది.

రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో షుగరున్న పెద్దవాళ్లు కంటి డాక్టర్ దగ్గరికెళితే గడ్డం ఆనించి ఆకుపచ్చ గుర్తు చూడమంటారు. రెప్ప వేసే లోపు రెటీనా పొరలు పొరలుగా తెర మీదికొస్తాయి, మధ్యలో నీరు చేరితే ఉబ్బులా కనిపిస్తుంది. అది ఆ పరీక్షే. కంట్లో చుక్కలేసుకుని బల్ల మీద కూర్చున్నావిడకు ఫెమ్టోసెకను గొడవ అక్కర్లేదు, రిపోర్టు చాలు.

ఇంకో కెరీర్‌ను మాటవరసకైనా చెప్పుకోకపోతే వ్యాసం లోటుగా ఉంటుంది. 1985లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో జెరార్ మూరూ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న డోనా స్ట్రిక్‌లాండ్ పల్స్‌ను 1.4 కిలోమీటర్ల ఫైబర్‌లోకి పంపి కావాలనే సాగదీసింది. సాగిన పల్స్ శిఖరం తగ్గుతుంది కాబట్టి యాంప్లిఫయర్ గాజు పగలకుండా దాన్ని పెంచొచ్చు, పెంచాక గ్రేటింగ్‌లతో మళ్లీ ముడిచెయ్యొచ్చు. ఫార్ములా రాసి మార్కులు కొట్టే అదే డిస్పర్షన్! ఆమె మొదటి పరిశోధనా పత్రం అది. 2018లో నోబెల్ వచ్చేనాటికి ఆమె వాటర్లూ విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసరే. పూర్తి ప్రొఫెసర్ పదవికి దరఖాస్తు పెట్టుకోలేదంతే. పదోన్నతులకు పాయింట్లు లెక్కేసే మన పద్ధతులతో పోల్చి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

డెల్టాలో లేనిదేమిటి?

ఇంజినీరింగ్ చదువుకు డెల్టాలో కొరత లేదు. కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీ 1946లో విశాఖ పేరుతో మొదలైన సంస్థ, ఇప్పటి జేఎన్‌టీయూ కాకినాడకు మూలం అదే. భీమవరంలో ఎస్‌ఆర్‌కేఆర్ 1980 నుంచి ఉంది. తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ 2015లో వచ్చింది. ఫైబర్‌కూ కొరత లేదు. 2016 చివర సఖినేటిపల్లి మండలం మోరిలో ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్ ఇచ్చి రాష్ట్రమంతా చెప్పుకున్నారు. కొబ్బరితోటల మధ్య కరెంటు స్తంభాల మీదుగా వేలాడే నల్లటి తీగ ఇప్పుడు ఎవరికీ వింత కాదు.

కొరత ఉన్నది ఈ రెంటి నడుమ. బీటెక్ ల్యాబ్‌లో ఫైబర్ అంటే చాలాచోట్ల ట్రైనర్ కిట్టు. ప్లాస్టిక్ ఫైబర్, ఎర్ర ఎల్ఈడీ, వంచితే ఎంత నష్టమో, న్యూమరికల్ అపర్చర్ ఎంతో రాసి రికార్డులో గ్రాఫు అతికించడం. ప్లాస్టిక్ ఫైబర్‌లో సాలిటాన్ పుట్టదు, కెర్ ప్రభావం కనబడదు. గాజు ఫైబర్‌ను తెంపి అతికించడం తెలిసిన విద్యార్థి కన్నా ఇంటర్ తప్పి కేబుల్ పనిలో చేరిన కుర్రాడి చెయ్యి ఎంతో నయం. ఒకరికి చెయ్యి తిరిగింది, మరొకరికి సమీకరణం తెలుసు, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చునే సందర్భమే రాదు. ప్రైవేటు కాలేజీ అధ్యాపకుడి వారమంతా క్లాసులకూ అడ్మిషన్లకూ అక్రెడిటేషన్ ఫైళ్లకూ సరిపోతుంది. పీహెచ్‌డీ ఉన్నా ల్యాబ్ లేనివాళ్లు సిమ్యులేషన్ పేపర్లతో సరిపెట్టుకోవడంలో తప్పేమీ లేదు. దాన్నే పరిశోధన అంతా అని నమ్మడం వేరు సంగతి.

అందుకే ఈ రంగంలోకి పోవాలనుకున్న డెల్టా విద్యార్థి దారి గేట్ మీదుగా బయటికే పోతుంది. మద్రాస్, ఢిల్లీ ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ, ముంబై టీఐఎఫ్ఆర్, ఇండోర్ ఆర్ఆర్‌క్యాట్. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకన్ లేజర్ల మీద పని చాలాకాలంగా సాగుతోంది. ప్రత్యేకమైన ఫైబర్‌ను గాజు కడ్డీ నుంచి లాగాలంటే కోల్‌కతా సీజీసీఆర్ఐ. ఆ తర్వాత విదేశంలో రెండు మూడేళ్ల పోస్ట్‌డాక్, తిరిగొచ్చి ఉద్యోగం, మొదటి గ్రాంటు, లేజర్ దిగుమతి, ఏసీ గది, కంపించని బల్ల. మొదటి పల్స్ కళ్లజూసేసరికి ముప్ఫై అయిదు దాటుతుంది. తణుకు పక్క పల్లెలో తల్లిదండ్రులకు ఈ ఆలస్యాన్ని వివరించడం డిస్పర్షన్‌ను వివరించడం కన్నా కష్టం, పక్కింటి అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో అప్పటికే ఫ్లాటు కొని ఉంటాడు.

కొలవడం ఎందుకంత ఖరీదో కూడా తెలియాలి. 100 ఫెమ్టోసెకన్ల పల్స్‌ను చూడగల ఎలక్ట్రానిక్ డిటెక్టర్ లేదు. పల్స్‌ను దానితోనే కొలవాలి. రెండుగా చీల్చి, ఒకదాన్ని కదిలే అద్దం మీదుగా పంపి, రెండూ ఒక స్ఫటికంలో కలిసినప్పుడు పుట్టే కొత్త రంగు వెలుగును చూడాలి. అద్దాన్ని 15 మైక్రాన్లు జరిపితే 100 ఫెమ్టోసెకన్ల ఆలస్యం. పక్క రోడ్డు మీద ధాన్యం లారీ పోతే బల్ల అంతకన్నా ఎక్కువ కదులుతుంది.

కొలత లేకపోయినా, భీమవరం హాస్టల్ గదిలో ఒక ల్యాప్‌టాప్‌తో చెయ్యగలిగిందొకటి ఉంది. ఫైబర్ సమీకరణాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒక అడుగు డిస్పర్షన్, ఒక అడుగు కెర్ ప్రభావం చొప్పున నడిపించే పద్ధతి. పైథాన్‌లో రాస్తే పేజీ దాటదు, జవాబు సెకన్లలో వస్తుంది. ముందు కెర్ పదాన్ని సున్నా చేసి నడిపితే పల్స్ పుస్తకంలో చెప్పినట్టే సాగి చదునైపోతుంది. కెర్ పదాన్ని తిరిగి పెట్టి, శక్తిని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే సాగడం తగ్గుతూ వస్తుంది. ఒక అంకె దగ్గర కిలోమీటరు పొడుగునా ఆకారం కదలదు. అక్కడ డిస్పర్షన్ ముందున్న మైనస్ గుర్తును ప్లస్ చేసి మళ్లీ నడపాలి. పల్స్ రెండు వైపులా విచ్చుకుపోతుంది. ఇప్పుడు ఆ వెలుగు మధ్యలో ఒక చీకటి గుంట పెట్టి, మూడోసారి.